పచ్చదీపం ఆర్పిన చేయి

“అమ్మా! కారులో ఛార్జింగ్ లేదేంటి?!”

బయటి నుంచి కొడుకు వేసిన కేక వినగానే ఆ తల్లి గుండె గుభేలుమంది. ఒళ్ళో కోడలి తల! మధ్యాహ్నం నడుము నొప్పిగా ఉందని పడుకున్న పిల్ల, సాయంత్రానికి మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. ఎనిమిదో నెల. ఇదివరకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారైనా చల్లగా గట్టెక్కాలని అత్తగారు రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటే, ఇప్పుడు దుప్పటి మీద నెత్తుటి మరక కనబడింది...

“మధ్యాహ్నమంతా ఎండ మండిపోతుంటే, నిండా ఎక్కి ఉండాలి కదా! తొమ్మిది శాతమే ఉందేంటి?” కొడుకు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, అది వంతెన అవతల ఉందనీ, వంతెన మీద లారీ అడ్డం తిరిగిందనీ, ఎప్పటికి రాగలరో చెప్పలేమనీ అన్నారు.

ఎందుకు లేదో ఆ తల్లికి తెలుసు. నోరు విప్పలేక కోడలి జుట్టు నిమురుతూ కూర్చుంది.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రాత్రంతా ఊరంతా తిరిగి, పొద్దున్నే కారులో ఛార్జింగ్ అంతా ఖాళీ చేసుకుని వస్తాడు. మేడ మీద సోలార్ పలకలు పెట్టించాడు, కింద గోడకు ఛార్జింగ్ పెట్టె బిగించాడు. ఎండ బాగా ఎక్కాక, మధ్యాహ్నం కారుకు తీగ తగిలించి పడుకుంటాడు. “కరెంటు ఎక్కడో పుట్టి తీగల మీద వచ్చేది, ఇప్పుడు మన నెత్తి మీదే పుడుతోందా నాయనా!” అని ఆమె అంటే, అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కొడుకు ఇంకా నిక్కర్లు వేసుకునే రోజుల్లో, తడి చేత్తో మోటారు స్విచ్ వేయబోయిన భర్త మళ్ళీ లేవలేదు. ఆనాటి నుంచి ఆమె ఏ స్విచ్చయినా చెక్క గరిటె కాడతోనే నొక్కుతుంది. “మా అత్తయ్య గరిటె తిప్పితే కూర, నొక్కితే లైటు!” అని కోడలు ఆటపట్టిస్తూ ఉంటుంది.

ఆ పెట్టె బిగించిన గోడకు అవతల పక్కనే కోడలి మంచం! అదీ ఆమె భయం. ఎవరో ఫోనులో ఛార్జింగ్ పెట్టి ఉండగా కాలిపోతున్న కారు చూపించిన దగ్గర నుంచీ, మధ్యాహ్నం కొడుకూ కోడలూ కునుకు తీస్తుంటే ఆమెకు ఊపిరాడేది కాదు. రబ్బరు చెప్పులు వేసుకుని, గరిటె పట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్ళి ఆ స్విచ్ కట్టేసేది. పెట్టె మీది పచ్చదీపం ఆరిపోయాకే వచ్చి నడుం వాల్చేది. చిత్రమేమిటంటే, సాయంత్రానికి కారు నిండుగానే ఉండేది! ఉన్నదాంతోనే బండి ఎలాగో సర్దుకుంటోందిలే అనుకుందే తప్ప, ఇంకేమీ ఆలోచించలేదు ఆ పిచ్చి తల్లి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఈ రోజు.

కారులో వెనక సీటు మీద కోడలిని పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుంది. ఛార్జింగ్ మిగలాలని కొడుకు ఏసీ కట్టేశాడు, పాట కట్టేశాడు. ముందున్న తెరమీద అంకె ఒక్కటే వెలుగుతోంది. ఏడు... ఆరు... ఆ అంకె తగ్గినప్పుడల్లా ఆమె ప్రాణంలో ఒక ముక్క తెగిపోతున్నట్టుంది. కోడలి చేయి మంచులా చల్లబడుతోంది!

నాలుగు దగ్గర ఆమె ఇక ఆగలేకపోయింది.

“నేనేరా... నేనే కట్టేశాను! రోజూ కట్టేస్తున్నాను... కాలిపోతుందేమోనని... మీరు నిద్రలో ఉండగా...” అని భోరుమంది.

“అమ్మా! ఎంత పని చేశావమ్మా! నీ భయం దీని ప్రాణం మీదికి తెచ్చింది కదా!” అద్దంలో కొడుకు కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

“ఏమండీ... అత్తయ్యని ఏమీ అనకండి...” కోడలి గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. “నాకు తెలుసు. రోజూ నిద్రపోతున్నట్టు పడుకునేదాన్ని. మీరు కట్టేసి వచ్చి పడుకోగానే, నేను లేచి మళ్ళీ వేసేదాన్ని అత్తయ్యా...”

“ఏమిటీ?! మరి నాకు చెప్పలేదేం తల్లీ?”

“చెప్తే మీకు నిద్ర పట్టదుగా... మీరు కట్టేస్తే మీ గుండె నిమ్మళించేది, నేను వేస్తే బండి నిండేది. ఇద్దరికీ సరిపోయింది కదా అనుకున్నాను. ఇవాళ లేవలేకపోయాను... అంతే...”

ఆ మాట విని ఆ తల్లి కోడలి చేతిని గుండెకు హత్తుకుంది. ఇన్నాళ్ళూ ఈ పిల్లను తను కాపాడుతున్నానని అనుకుంది. నిండు కడుపుతో రోజూ లేచి వెళ్ళి, తన మనసు నొప్పించకుండా కాపాడుకుంటూ వచ్చింది ఈ పిల్లే!

అంకె ఒకటికి వచ్చింది. తెర మీద ఒక తాబేలు బొమ్మ వెలిగింది. బండి నడిచే మనిషిలా మెల్లబడిపోయింది. వెనక హారన్లు, పక్కన తిట్లు! “నడువమ్మా... నా తల్లీ నడువు... ఇంకొంచెం...” తను జన్మలో నమ్మని ఆ యంత్రాన్ని సీటు మీద చేయి వేసి బతిమాలుకుంది. ఆసుపత్రి గేటు ముందున్న ఎత్తు దగ్గర అది ఆగిపోయింది. కొడుకు తలుపు తీసి, భార్యను రెండు చేతులా ఎత్తుకుని పరుగెత్తాడు.

ఆపరేషన్ గది బయట బెంచీ మీద తల్లీకొడుకులు చెరో కొసన కూర్చున్నారు. చివరికి డాక్టరమ్మ వచ్చి, “తల్లికి గండం గడిచింది. ఆడపిల్ల. బరువు తక్కువ, కొన్నాళ్ళు గాజు పెట్టెలో ఉంచాలి” అని చెప్పేసరికి, కొడుకు లేచి వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నర్సు ఆమెను అద్దాల గదిలోకి తీసుకెళ్ళింది. గాజు పెట్టెలో గుప్పెడంత పాప! పెట్టె నుంచి గోడకు తీగ. పాపకు వెచ్చదనమంతా ఆ తీగలోంచే వస్తోంది. పెట్టె మీద చిన్న పచ్చదీపం వెలుగుతోంది. ఆమె గుండెల్లో మళ్ళీ భయం లేచింది. కానీ ఇది వేరే భయం.

“అమ్మా... ఈ స్విచ్ ఎవరూ కట్టేయరు కదా?” అని నర్సు చేయి పట్టుకుని అడిగింది.

“ఎవరు కట్టేస్తారు పెద్దమ్మా!” అని నర్సు నవ్వింది. ఆ నవ్వు వింటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

పాప ఇంటికి వచ్చిన రోజు మధ్యాహ్నం కొడుకు బండిని ఛార్జింగ్‌కు పెట్టి పడుకున్నాడు. గోడ పక్క మంచం మీద పాపను పొదువుకుని కోడలు కళ్ళు మూసుకుంది. అత్తగారు రబ్బరు చెప్పులు వేసుకుని, గరిటె పట్టుకుని వెళ్ళింది. పచ్చదీపం వెలగడం లేదు; కొడుకు అలసటలో తీగ తగిలించాడు కానీ స్విచ్ వేయడం మరిచిపోయాడు. ఆమె ఒళ్ళంతా చెమట పట్టింది. భర్త చేయి గుర్తొచ్చింది... గాజు పెట్టె గుర్తొచ్చింది. గరిటె కింద పెట్టింది. చేయి పొడిగా ఉందో లేదో కొంగుతో రెండుసార్లు తుడుచుకుని చూసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని వేలితో నొక్కింది.

టక్కుమంది. పచ్చదీపం వెలిగింది.

గోడ అవతల కోడలు ఆ చప్పుడు వింది. ఆ మధ్యాహ్నం ఆమె నిజంగానే నిద్రపోయింది.