వెనక్కి తిరగని కాపలా

ఏం చూశారో చెప్పండి. ఏమీ చూడలేదనకండి. ఆ సాయంత్రం మైదానంలో, వేదికకు ఎదురుగా మూడో వరుసలో ఉన్నారు మీరు. నాయకుడు కూలిపోవడం చూశారు. పక్కనే నా తమ్ముడు కూలిపోవడమూ చూశారు.

ముప్పై ఏళ్లు యూనిఫాంల ఫ్యాక్టరీలో కుట్టుమిషను తొక్కినదాన్ని. సమ్మెల్లో లాఠీదెబ్బలు తిన్నదాన్ని. డొంకతిరుగుడు మాటలు నాకు రావు.

నాయకుడికి అంగరక్షకులు నలుగురు. అందులో నా తమ్ముడొకడు. పాతేసినట్టు నిలబడతాడని తోటివాళ్లు వాణ్ణి 'గుంజ' అనేవాళ్లు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో వేళ్ల సందుల్లోంచి చూసే దొంగ వాడు. అలాంటివాడు డ్యూటీలో నాయకుడికేసి ఒక్కసారైనా చూసేవాడు కాదు. వాళ్ల పని పద్ధతే అంత. వీపు నాయకుడికి, కళ్లు జనానికి. ఆయన మొహం ఇంటికొచ్చి టీవీలో చూసుకునేవాడు పిచ్చి వెధవ.

విచారణలో మిగతా ముగ్గురూ ఒకే మాట చెప్పారు. గుంజే హంతకుడికి దారి వదిలాడట. తర్వాత గుంజ నోరు మూయించడానికే హంతకుడు రెండో తూటా పేల్చాడట. నాయకుడు మొహంలో నవ్వు చెరగకుండానే ఒరిగిపోయాడట. ఆ నవ్వు ముగ్గురి వాంగ్మూలాల్లోనూ ఉంది. నేను లేచి అడిగాను, జనాన్ని చూడాల్సిన మీకు ఆ నవ్వెలా కనబడిందని. సరిగ్గా ఆ క్షణానికి ముగ్గురూ వెనక్కెందుకు తిరిగారని. అధికారి నాకు మంచినీళ్లిప్పించి ఫైలు మూసేశాడు. స్మారక ఫలకం మీద మావాడి పేరు లేదు. వాడి కూతుర్ని బళ్లో ద్రోహి పిల్ల అంటున్నారు.

ఫలకం పెట్టిన సాయంత్రం నుంచే వాడు రావడం మొదలుపెట్టాడు.

దీపాలు వెలిగే వేళకు గంజి పెట్టిన యూనిఫాం వాసన. దాని వెనకే కాలిన తుపాకీమందు వాసన. గుమ్మంలో వీపు. వీధికేసి తిరిగి, కాళ్లు ఎడంగా పెట్టి, కాపలా. ఒక్కసారి ఇటు తిరగరా నాన్నా అని ఎన్ని సాయంత్రాలు బతిమాలానో. తిరగడు. డ్యూటీలో ఉన్నాడుగా.

పోయిన వారం ఆ ముగ్గురిలో చిన్నవాడు, మీసాలవాడు, వచ్చాడు. గుమ్మంలో వాడికేమీ కనబడలేదు. ఆ వీపులోంచే నడిచొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నెలల తరబడి నిద్ర లేదన్నాడు.

"మమ్మల్ని తిరగమన్నారక్కా," అని గొణిగాడు. "చప్పట్లు మొదలవగానే తిరగమన్నారు. గుంజ ఒక్కడే తిరగలేదు. మూడో వరుసకేసి చూస్తూ తుపాకీ మీద చెయ్యేశాడు."

"ఎవరు తిరగమన్నారు?"

నోరు తెరిచాడు. గంజి వాసన గుప్పుమంది... గుమ్మంలో వీపు కదిలింది. మెల్లగా... భుజం... చెవి... చెంప. ఏడాదిగా నేను ఎదురుచూసిన మొహం.

వాడు నన్ను చూడలేదు. మీసాలవాణ్ణీ చూడలేదు. మీసాలవాడి భుజం మీదుగా వెనక్కి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. తమ్ముడి చెయ్యి తుపాకీ మీదికి పోయింది.

మీసాలవాడు తెరిచిన నోరు మళ్లీ మూయలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

తమ్ముడు మళ్లీ రాలేదు. ఇప్పుడు గుమ్మంలో స్టూలు వేసుకుని, వీధికేసి తిరిగి నేనే కూర్చుంటున్నాను. గంజి వాసన లేదు. కాలిన మందు వాసన మాత్రం వస్తోంది... వెనక, గదిలోంచి. తిరిగి చూడను.

మూడో వరుసలో ఉన్నది మీరు. వాడి కళ్లు ఆఖరిసారి చూసింది మీ భుజం మీదుగానే.

అప్పుడు మీ వెనక ఎవరు నిలబడి ఉన్నారు?