ముఠాదారు గుహ ముందు బిగిసిన తాడు

ఏకలగుట్ట గుహ ముందు ఊయల పడక కట్టుకున్నవాణ్ణి ముఠాదారు దయ్యం బతకనివ్వదు. వచ్చి గుండెలమీద కూర్చుంటుంది, ఆ బరువుకు తాడు తెగుతుంది, మనిషి లోయపాలవుతాడు. కొండపల్లెలపై పెత్తనం చేసిన ఆ ముఠాదారు కాసుల పెట్టెను గుహలో దాచి చచ్చాడనీ, నేటికీ కాపలా మానలేదనీ మన్యమంతా నమ్మకం. దానికి విరుగుడు కూడా చెబుతారు: దయ్యం కూర్చునే సందు లేకుండా తాడును వీణ తీగెలా బిగించాలి.

నిరుడు అక్కడ తాడు తెగి పోయినవాడు వేదవల్లి అన్నయ్య ధర్మారావు. శవాన్ని కొండ దించినవాడు అతని స్నేహితుడు పరాంకుశం. దయ్యం మాట మోసుకొచ్చినవాడూ అతడే. ఏళ్ల తరబడి కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పిన వేదవల్లి దయ్యాన్ని నమ్మలేదు. కత్తిని నమ్మింది; పెట్టె కోసం పరాంకుశమే తాడు కోశాడనుకుంది. అతడు మళ్లీ పెట్టె కోసం బయలుదేరుతున్నాడని తెలిసి, తానూ వస్తానంది. అన్న చచ్చిన చోట ఆ మనిషి పక్కన నిలబడితే తప్ప నిజం తేలదనుకుంది.

అడవి అడుగడుగునా వాళ్లను తోసివేసింది. వెదురు ముళ్లు బట్టలు పట్టి లాగాయి. జలగలు మడమల మీంచి పిక్కల మీదికి పాకాయి. వాన ఒక్క గడియ తెరిపి ఇవ్వలేదు. దారి చూపే అన్నిరెడ్డి ముందు నడుస్తూ తీగలు నరుకుతుంటే, పరాంకుశం వెనక్కి తిరిగి ఆమె సంచి చూసి నవ్వాడు.

“అరచేతి వెడల్పు పట్టీలు తెచ్చావేం చెల్లాయ్, ఏనుగును కట్టేద్దామనా? నా తాడు చూడు. జేబులో పడుతుంది.”

“బరువు తగ్గాలని దుప్పటి వదిలేశానండి. పట్టీలు వదల్లేదు.”

“మీ అన్నకి ఇంత పిరికితనం లేదు.”

“అన్నే లేడు కదండీ ఇప్పుడు.”

ఆ పట్టీలను ఆమె ఊరికే ఎంచుకోలేదు. పెరట్లో రకరకాల తాళ్లను తడిపి, వాటికి ఇసుక బస్తాలు వేలాడదీసి చూసింది. నైలాన్ తాడు తడిసి సాగి బస్తాను నేలకు దించింది. సాగని సన్నతాడు వేప బెరడును కత్తిలా కోసింది. వెడల్పాటి పాలిస్టర్ పట్టీ మాత్రం సాగలేదు, చెట్టును గాయపరచలేదు. తూకంలో కాస్త ఎక్కువ, అంతే.

పొద్దు వాలేవేళకు గుహ చేరారు. టార్చి వెలుగులో, లోపలి రాతి అరమీద ఇనుప బద్దీల పెట్టె కనిపించింది. పరాంకుశం దానికేసి రెండడుగులు వేశాడో లేదో, కొండ కడుపులో ఏదో గర్జించింది.

“వరదొత్తంది, బయటికి రండి,” అన్నాడు అన్నిరెడ్డి.

ఎర్రనీరు మోకాళ్లను కొడుతుండగా ముగ్గురూ గుహ ముందున్న రాతి చట్టు మీద పడ్డారు. దిగే దారి అప్పటికే మునిగింది. చట్టు మీదుగా నీరు పారి లోయలోకి దూకుతోంది.

“తగ్గేదాకా చెట్లకి ఏలాడ్డమేనండి,” అన్నాడు అన్నిరెడ్డి.

వేదవల్లి పట్టీలను మద్దిచెట్లకు చుట్టి, పడకను కిందికి వాలేలా వదులుగా కట్టింది. పరాంకుశం కాలు చెట్టుకు తన్నిపెట్టి సన్నతాడును లాగుతున్నాడు. తాడు సన్నగా మోగింది.

“కాస్త వదలండి,” అందామె.

“వదిలితే ముఠాదారు దొర కూర్చుంటాడు. మీ అన్న తాడును ఇంతకంటే బిగించాను. నా చేతులతో నేనే. అయినా ఆగలేదు.”

ఆమె చెయ్యి పట్టీమీదే ఆగిపోయింది. లెక్క ఆమె మనసులో మెదిలేలోపే అతడు పడకలో కూర్చున్నాడు. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. మనిషి చట్టు మీద పడి, నీటితో జారి, అంచున ఒక వేరు పట్టుకుని వేలాడాడు.

అతని తాడు దరికి ఎవరూ రాలేదు. కత్తీ లేదు. ఏడాదిగా ఆమె పెంచుకున్న పగకు ఆధారం ఆ చప్పుడుతోనే తెగిపోయింది. తన పడకను ఒక పక్క విప్పి, చెట్టుకు చుట్టి ఉన్న పట్టీ కొసను అతనికి విసిరింది.

“మణికట్టుకు చుట్టుకోండి. వేరు వదలండి.”

“వదిలితే పోతాను.”

“పట్టీ తెగదు. వదలండి.”

వదిలాడు. ఆమె, అన్నిరెడ్డి కలిసి లాగారు. నీరు అతణ్ణి లోయకు లాగింది; పట్టీ ఇసుమంతైనా సాగలేదు.

చట్టు మీదికి చేరాక కూడా అతని పళ్లు టకటకలాడుతున్నాయి. “దొరే. నామీద కూర్చున్నాడు.”

ఆమె తెగిన కొసను అతని ముందుకు చాపింది. నరికిన గుర్తు లేదు. పోగులన్నీ పీచుపీచుగా చిట్లి ఉన్నాయి.

తెల్లవారేసరికి వరద తీసింది. గుహ ద్వారం తెరిచే ఉంది. “పెట్టె సంగతేంటండి?” అన్నాడు అన్నిరెడ్డి. వేదవల్లి దిగే దారికేసి నడిచింది. పరాంకుశం గుహవైపు చూడకుండా ఆమె వెనకే వచ్చి, చాలాదూరం పోయాక అడిగాడు.

“దొర కాకపోతే, మరేమిటి చెల్లాయ్?”

ఆమె ఆగి చెప్పింది. వదులుగా కిందికి వాలిన తాడు ఒక్కో కొస దాదాపు మనిషి బరువంతే మోస్తుంది. అడ్డంగా బిగించిన తాడు మీద అదే మనిషి బరువు అయిదారింతలై పడుతుంది.