చివరి మంచం హోరు

ఆ ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు చివరి మంచం మంచిది కాదని అందరికీ తెలుసు. వెనక తలుపు పక్కన, స్తంభం చాటున, ఫ్యాను గాలి కూడా సరిగ్గా తగలని మూల అది. పగలు చూస్తే మామూలు ఇనప మంచమే. దీపాలు ఆర్పాక మాత్రం... పరుపు కిందనుంచి ఏదో హోరు మొదలవుతుందట. తేనెపట్టు కదిలించినట్టు. ఎగసి, తగ్గి, మళ్ళీ ఎగసి — ఎవరో పళ్ళు బిగించి ఊపిరి పీలుస్తున్నట్టు.

ఆ హోరు విన్నవాడెవడూ తన కాళ్ళ మీద ఇంటికి వెళ్ళలేదని చెప్తారు.

ఈ సంగతి తమ్ముణ్ణి తీసుకొచ్చిన ఒక అక్క చెవిన పడేసరికే వాణ్ణి ఆ మంచం మీద పడుకోబెట్టేశారు.

తమ్ముడిది సైకిళ్ళకి పంక్చర్లు వేసే పని. ఎవరి జోలికీ పోనివాడు. వీధి చివర ఎవరో ఎవరినో కాల్చబోతే, ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూసుకుంటున్న వీడి తొడలోంచి తూటా దూసుకుపోయింది. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. బట్టలు కుట్టి వీణ్ణి పెంచింది అక్కే. వీడు తప్ప ఆమెకి ఇంకెవరూ లేరు.

గాయం మానింది. రౌండ్సుకి వచ్చిన డాక్టర్లు కట్టు విప్పి చూసి, "బాగా ఆరిందమ్మా, రేపు ఇంటికి తీసుకెళ్ళు" అన్నారు. కానీ కాలు రోజురోజుకీ లావెక్కుతోంది. పాదం చల్లగా ఉంటోంది. బాత్రూమ్ దాకా వెళ్ళొస్తే చాలు, రొప్పు ఆగట్లేదు. ఆమె అడిగితే, "మంచాన పడ్డాడు కదా, నీరసం" అన్నారు.

ఆ రాత్రి తమ్ముడు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా... విన్నావా?"

"ఏంట్రా?"

"కింద ఎవరో ఉన్నారక్కా."

ఆమె వంగి చూసింది. చెప్పులు, నీళ్ళ చెంబు. ఇంకేమీ లేదు. వాడి పక్కన పరుపుకి చెవి ఆనించింది — వినిపించింది. నిజంగానే. ఎగసి... తగ్గి... మళ్ళీ ఎగసి.

రాత్రి డ్యూటీ ఆయమ్మ పిల్లిలా వచ్చి, కొంగు ముడి విప్పి దూది ఉండలు తీసింది. "వాడి చెవుల్లో పెట్టు. నువ్వూ పెట్టుకో. మనం విన్నట్టు దానికి తెలియకూడదు తల్లీ. ఇక్కడ పడుకున్న వాళ్ళందరికీ నేనే పెట్టాను."

"పెట్టినా పోయారా?"

ఆయమ్మ తనే ఇద్దరి చెవుల్లోనూ దూది కుక్కి వెళ్ళిపోయింది.

ముందు వరసలో ఒక మంచం ఖాళీగా ఉంది. అక్క ఎవరినీ అడగలేదు. తమ్ముడి చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని, సగం మోస్తూ, సగం ఈడుస్తూ అక్కడికి చేర్చింది. వాడు రొప్పుతూనే, "పెళ్ళికొడుకుని ఊరేగించినట్టుందక్కా" అన్నాడు. "నోరు ముయ్యి" అంది.

చెవుల్లోంచి దూది తీసేసింది. నిశ్శబ్దం... హోరు పోయింది. వదిలిపోయింది.

దుప్పటి కప్పడానికి వాడి కాళ్ళ మీదికి వంగింది.

హోరు —

అదే. ఇప్పుడు ఇంకా దగ్గరగా. మంచం మార్చినా వెంట వచ్చేసింది. ఆమె చెయ్యి దానంతటదే వాడి తొడ మీద, మానిన మచ్చ మీద పడింది. చర్మం కింద ఏదో ప్రాణమున్నదానిలా గుర్రుమంటూ వణుకుతోంది.

అది మంచంలో లేదు. వాడిలో ఉంది.

డ్యూటీ గదిలో చిన్న డాక్టరు బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. "గాయం మానిపోయింది కదమ్మా, రేపు..." అన్నాడు. ఆమె తలుపుకి అడ్డంగా నిలబడింది.

"చూడొద్దు బాబూ. చూసింది చాలు. దెయ్యమని నవ్వుకున్నా సరే, ఒక్కసారి వినండి."

ఆమె నోరు మూయించడానికే వచ్చాడు. స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టబోతే, అక్క ఆ చెయ్యి పట్టుకుని తొడ మీదికి లాగింది. అతని మొహంలో నిద్ర ఎగిరిపోయింది. మచ్చకి పైన బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టాడు — హోరు ఆగింది. పరిగెడుతున్న నాడి నెమ్మదించింది. వేలు తీశాడు. మళ్ళీ హోరు.

"పెద్ద డాక్టరమ్మకి ఫోన్ చెయ్యండి" అన్నాడు నర్సుతో, గొంతు తగ్గించి.

పెద్ద డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. గుండె నుంచి రక్తం తెచ్చే నాళం, తిరిగి తీసుకెళ్ళే నాళం పక్కపక్కనే ఉంటాయి. తూటా రెండింటినీ చీల్చుకుంటూ పోయింది. పైన చర్మం మానింది గానీ, లోపల రెంటికీ మధ్య దారి పడింది. రక్తం పాదానికి చేరకుండా ఆ అడ్డదారిలో గుండెకి తిరిగి పోతోంది. ఆ హోరు అదే. పంపి పంపి గుండె అలిసిపోతోంది. చాలా అరుదుగా వస్తుందిది. దారి మూసి, చిరిగిన నాళం అతకాలి. కాలు పోవచ్చు. మనిషే పోవచ్చు.

"దెయ్యమైతేనే నయం కదమ్మా" అంది అక్క. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది.

ఆపరేషన్ గది బయట నేల మీద అక్క పక్కన ఆయమ్మ వచ్చి కూర్చుంది. తలుపు మీది ఎర్ర దీపం ఎంతకీ ఆరడం లేదు. అక్క ఊరికే అడిగింది. "ఆ మంచం మీద పోయినవాళ్ళు... వాళ్ళవి ఏం జబ్బులు ఆయమ్మా?"

"జబ్బులేంటి తల్లీ, తూటా దెబ్బలు. పోలీసులు కాపలా కూర్చోవడానికి వెనక తలుపు దగ్గరే కదా వీలు. అందుకే తూటా కేసులన్నీ ఆ మంచానికే..."

ఆయమ్మ చెయ్యి కొంగు ముడిలోని దూది మీదికి పోయింది.

తెల్లారుతుండగా తమ్ముణ్ణి బయటికి తెచ్చారు. అక్క కట్టు మీద చెవి పెట్టింది. ఏమీ లేదు. రాత్రంతా పోవాలని కోరుకున్న హోరు పోయేసరికి ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. పాదం తడిమింది... వెచ్చగా ఉంది. ఆ పాదం పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఈ కాలి నరం ముక్క కోసి ఆ కాలికి ప్యాచ్ వేశారంట" అన్నాడు తమ్ముడు మత్తు దిగాక. "పాత ట్యూబు ముక్కతో కొత్త పంక్చరు. మన షాపు పద్ధతే."

ఆ రాత్రే చివరి మంచం మీదికి ఇంకొకణ్ణి తెచ్చారు. తూటా భుజంలో దిగింది. తీసేసి, కుట్లు వేసేశారు. దీపాలు ఆర్పగానే అలవాటు కొద్దీ ఆయమ్మ కొంగు ముడి విప్పి, దూది తీసి, అతని చెవి దాకా తీసుకెళ్ళింది.

చెయ్యి ఆగింది.

దూది నేల మీద పడింది. ఆయమ్మ మెల్లగా వంగి, అతని భుజం కట్టు మీద తన చెవి ఆనించింది.

తర్వాత తల ఎత్తకుండానే, వార్డులో అందరినీ మాట్లాడొద్దని చెయ్యెత్తింది.