ఐదో నెంబరు రాడ్డు

బాస్ అనే చేపను వంశీకృష్ణ ఎన్నడూ చూడలేదు. ఎదురొచ్చినా గుర్తుపట్టడు. అయినా అమెరికాలో సాయంత్రమయ్యేసరికి, ఆ చేపను ఎలా పట్టాలా అని ఉబలాటపడే పెద్దమనుషులు పంజాగుట్టలో నాలుగో అంతస్తులో కూర్చున్న వంశీకృష్ణనే సలహా అడుగుతారు. అక్కడ సాయంత్రమంటే ఇక్కడ పొద్దున్న. అతను అమీర్‌పేట హాస్టల్లో ఉప్మా తిని, నడిచి వచ్చి, జీవితమంతా చెరువు గట్ల మీదే గడిపినవాడిలా చాట్‌లో టైపు చేస్తాడు.

నిజానికి అతను కాకినాడ నుంచి అమీర్‌పేటకు వచ్చింది జావా నేర్చుకోవడానికి. జావా రాలేదు గానీ ఉద్యోగం వచ్చింది. ఫ్లై ఫిషింగ్ సామాను అమ్మే ఒక అమెరికన్ కంపెనీ తరఫున కస్టమర్లకు సలహాలివ్వడమే ఆ ఉద్యోగం.

ఫ్లై అంటే చిన్న కొక్కేనికి ఈకలూ వెంట్రుకలూ దారంతో చుట్టి చేసిన దొంగ ఈగ. బాస్‌కి ఈగ ఆనదు కాబట్టి ఒక్కోసారి కప్పంతది కూడా కడతారు. ఈ విద్యలో బరువు ఎరలో ఉండదు, దాన్ని మోసుకెళ్ళే తాడులో ఉంటుంది. రాడ్డు అంటే గాలపు కర్ర; దాని నెంబరు పెరిగేకొద్దీ తాడు బరువెక్కుతుంది. కప్పంత ఫ్లై విసరాలంటే ఎనిమిదో నెంబరు రాడ్డు ఉండాలి. దాన్నే ఐదో నెంబరు రాడ్డుకి కట్టి విసిరితే నీళ్ళ దాకా పోదు, విసిరినవాడి చెవి దగ్గరే దిగుతుంది.

ఈ సంగతి ట్రైనింగ్‌లో చెప్పారు. ఆ పూట వంశీకృష్ణ కళ్ళు తెరిచి నిద్రపోయాడు. కాబట్టి మొదటి తప్పు నిజంగానే జరిగింది.

"ఐదో నెంబరు రాడ్డుకు రెండో సైజు ఫ్లై చెప్పినవ్. ఎందుకు చెప్పినవ్?" అని అడిగింది సుకన్య, అద్దాల గదిలో అతన్ని కూర్చోబెట్టి.

సుకన్య క్వాలిటీ ఆడిటర్. అంటే ఇతరుల చాట్లు చదివి మార్కులు వేసే మనిషి. బల్కంపేటలో పుట్టి, అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మధ్యే పెరిగి, ఒక్క కోర్సులోనూ చేరకుండా బయటపడిన ఘనత ఆమెది. మార్కులు తగ్గితే ఆడిటర్ పావుగంట ఎదురుగా కూర్చుని పాఠం చెప్పాలన్నది ఆఫీసు రూలు.

"రెండు అంటే చిన్నదే కదా అనుకున్నానండీ," అన్నాడు.

"ఫ్లై సైజుల నెంబరు తగ్గినకొద్ది ఫ్లై పెద్దగయితది. గిది సుత తెల్వదా? ట్రైనింగ్‌ల ఏం చేసినవ్?"

"నిద్రపోయానండీ."

అబద్ధం చెబుతాడనే సుకన్య ఎదురుచూస్తోంది. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. ఇక మాటలతో లాభం లేదనుకుని, ప్లాస్టిక్ స్కేలు చివర కుట్టు దారం కట్టి, జుట్టుకున్న క్లిప్పు తీసి ఆ దారానికి తగిలించింది.

"గిది ఐదో నెంబరు. గిది నీ కప్ప. విసురు."

విసిరాడు. క్లిప్పు ముందుకు పోకుండా గుండ్రంగా తిరిగొచ్చి అతని నుదుటికి తగిలింది. నుదురు రుద్దుకుంటూ తలెత్తి చూస్తే, క్లిప్పు లేని జుట్టు భుజం మీదికి జారి, సుకన్య ఈసారి దాచుకోకుండా నవ్వుతోంది. ఆ క్షణం నుంచి అతనికి ఐదో నెంబరు రాడ్డు గురించి సందేహం లేదు. మిగతా అన్నిటి గురించీ సందేహమే.

మరో పావుగంట ఆమె ఎదురుగా ఎలా కూర్చోవాలి? కాఫీకి పిలవచ్చు, కానీ అంత ధైర్యం లేదు. తప్పు చేయడానికి మాత్రం ధైర్యం అక్కర్లేదు. కొన్నాళ్ళు చూసి, ఓర్చుకోలేక, మళ్ళీ ఒకాయనకు ఐదో నెంబరు రాడ్డు మీద కప్పంత ఫ్లై సిఫారసు చేశాడు. కొత్త తప్పేదైనా కనిపెట్టే ఓపిక కూడా అతనికి లేదు.

దొరికిపోయాడు. మళ్ళీ అద్దాల గది.

"గదే తప్పు మళ్ళ చేసినవేంది?"

"ఒంటబట్టలేదండీ. ఇంకోసారి చెప్తారా?"

"జర గా 'అండీ' బంద్ చేస్తవా? నీ మార్కులు దానికి సుత కట్ చెయ్యబుద్ధయితుంది."

"అలాగేనండీ."

అంతా సుఖంగానే ఉంది అనుకుంటూ, వర్షాలు మొదలయ్యాక మూడోసారి కూడా అదే చేశాడు. ఈసారి ఆడిట్‌లో దొరకడంతో పాటు, అలబామా నుంచి ఒక ముసలాయన ఫిర్యాదు కూడా పంపాడు. మనవరాలికి బాస్ పట్టి చూపిస్తానని చెరువుకు తీసుకెళ్ళి విసిరితే, ఫ్లై నీళ్ళలో కాక తన టోపీలోనే గుచ్చుకుందట. ఆ పిల్ల ఆగకుండా నవ్విందట. అందులో కోపం కన్నా చిన్నబోవడమే ఎక్కువ కనిపించింది. చదివాక వంశీకృష్ణకు మొదటిసారి సిగ్గేసింది.

సిగ్గుతో పని జరగలేదు. మూడు పెద్ద తప్పులు దొరికితే ఇంటికి పంపాలన్నది ఇంకో రూలు. మేనేజరు జోగారావు గారు ఇద్దర్నీ తన గదికి పిలిచారు. ఉద్యోగం పోతే హాస్టల్ పోతుంది, కాకినాడ బస్సు మిగులుతుంది. పావుగంటల సంగతి చెప్పనే అక్కర్లేదు.

"చూడు బాబూ," అన్నారు జోగారావు గారు, కంప్యూటర్ తెర అతని వైపు తిప్పుతూ. "నువ్వు చేసిన చాట్లు వందల్లో ఉన్నాయి. అందులో మిషను లాటరీ తీసినట్టు నెలనెలా ఏవో రెండు తీసి ఆడిట్‌కి పంపుతుంది. అందులోనే మూడుసార్లు ఇలా దొరికావంటే, మొత్తంలో ఇంకెన్ని ఉంటాయో. ఏమైనా చెప్పుకుంటావా?"

వంశీకృష్ణ తెర వైపు చూశాడు. ఇంకెన్నో లేవు. అతను మొత్తం చేసినవే మూడు తప్పులు. వందల్లో మూడు చేస్తే, లాటరీలో ఆ మూడే ఎలా వచ్చాయి?

అతను సుకన్య వైపు చూశాడు. ఎవరి మీదైనా విరుచుకుపడగల సుకన్య, బల్ల మీద లేని మరకను వేలితో తుడుస్తోంది.

అర్థమైంది. అతని చాట్లు మిషను తీయడం లేదు. ఆ ఒక్క మాట చెబితే ఆడిట్లు చెల్లవు, ఉద్యోగం నిలుస్తుంది. ఆమెది పోతుంది.

"నాదే తప్పండి," అన్నాడు. "చెప్పుకోడానికేం లేదు."

జోగారావు గారు నిట్టూర్చి పెన్ను తీశారు.

"సార్, ఒక్క నిమిషం," అంది సుకన్య. "గివి మిషన్ తియ్యలే. నేనే తీసిన. వంశీ చాట్లు రోజు చదువుతున్న."

"రోజూనా? ఎందుకమ్మా?"

సుకన్య బల్ల మీది వేలు వెనక్కి తీసుకుంది.

"మంచిగ రాస్తడు సార్," అంది. "చేప దొరకకపోయినా చెరువు దగ్గర కూసున్నరు కదా, పొద్దు మంచిగనే పోయిందనుకోండి అంటడు. చదువుతుంటె మనసుకు మంచిగనిపిస్తది."

జోగారావు గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. పెన్ను మూత పెట్టారు. ఆయన సర్వీసులో చాలా తప్పులు చూశారు గానీ, వీటిని ఏ గడిలో రాయాలో కంపెనీ చెప్పలేదు. ఆడిట్లు చెల్లవన్నారు. సుకన్యకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చి, వంశీకృష్ణను టెంట్లు అమ్మే టీముకు మార్చి, తలుపు వేసి వెళ్ళమన్నారు.

మెట్ల మీద సుకన్య ఆగింది.

"రెండోది, మూడోది కావాలని చేసినవ్. నీ చాట్లన్ని చదివినదాన్ని, నాకెర్క. నా పావుగంట కోసం గా ముసలాయన్ని మనవరాలి ముంగట నవ్వులపాలు చేసినవ్."

"తప్పే," అన్నాడు వంశీకృష్ణ. ఈసారి అండీ రాలేదు.

"ముందుగాల్ల ఆయనకు సారీ చెప్పు. సరైన సైజు పంపియ్యి. గప్పటిదాక నాతోని మాట్లాడకు."

ముసలాయనకూ, అంతకు ముందు మోసపోయిన ఇంకొకాయనకూ క్షమాపణ రాశాడు. ఐదో నెంబరు రాడ్డుకి సరిపోయే చిన్నవి, ఎనిమిదో సైజు ఫ్లైలు పంపించాడు. తర్వాతి వారం అలబామా నుంచి ఒక ఫొటో వచ్చింది. అరచేతి కన్నా కొంచెం పెద్ద చేప, దాని వెనక పళ్ళు లేని నవ్వు ఒకటి, పాలపళ్ళ నవ్వు ఒకటి. బాస్ ఎలా ఉంటుందో వంశీకృష్ణ అప్పుడే చూశాడు.

ఆ ఫొటో పట్టుకుని ఆఫీసు కింద సుకన్యను ఆపాడు. వాన ఊరిని కడిగేస్తోంది, ఫ్లైఓవర్ మీద హారన్లు మోగుతున్నాయి. ఆమె ఆ ఫొటోను తీసుకుని చూసింది.

"సుకన్యా, బేగంపేట హోటల్లో ఆదివారం టేబుల్ బుక్ చేశాను. కేకు ఉంటుంది, గిటారు వాయించే అతను కూడా ఉంటాడు. నేనొక నాలుగు మాటలు రాసుకొచ్చాను. నిన్ను మొదటిసారి చూసినప్పుడు నా జీవితం అనే..."

"ఆగు," అంది సుకన్య. "నీది ఎన్నో నెంబరు రాడ్డు?"

వంశీకృష్ణ ఆలోచించాడు. నిజం ఒప్పుకున్నాడు.

"ఐదే."

"మరి గంత పెద్దది ఎందుకు కడుతున్నవ్?"

అతను జేబులోని కాగితాన్ని ఇంకా లోపలికి తోశాడు. వాన వైపు చూసి, రోడ్డు అవతల ఆవిర్లు కక్కుతున్న ఇరానీ హోటల్ వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"చాయ్ తాగుదామా?"

సుకన్య గొడుగు తెరిచి, సగం అతని వైపు జరిపింది.

"గిది నీళ్ళల్ల పడ్డది. నడువు."