ఊపిరి తాగిన గింజలు

ఉదయం ఏడూ ఇరవై. ధాన్యం గోదాములో మూడో నంబరు ఇనప గాదె. సగం వరకు గింజలు. గింజల మీద శవం.

పోయినవాడు హమాలీలందరిలోకీ పెద్దవాడు. ఒంటి మీద చిన్న గీత లేదు. అలసిపోయి నడుం వాల్చినట్టు పడున్నాడు.

గాదెల్లో పురుగుమందు మాత్రలు పెట్టే మనిషిని అప్పటికే స్తంభానికి కట్టేశారు. పక్కనే వాడి భార్య, కొంగు నడుముకు బిగించి నిలబడింది.

"వీడే చంపాడండీ," అన్నాడు గోదాము యజమాని. "ఆమధ్య ఇద్దరూ గొడవపడ్డారు. కక్షకొద్దీ గుప్పెడు మాత్రలేసి మూత బిగించాడు."

"మా ఆయనకే నోరుంటే ఈపాటికి ఆ తాళ్ళలో తమరుండేవారు," అంది భార్య.

ఎస్సైగారు ఆడమనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ముందు కట్లు విప్పించింది. అంతలో పైఆఫీసరు ఫోను. సాయంత్రానికల్లా మాత్రలవాడి మీద కేసు రాసి ముగించమన్నాడు.

"రాస్తాను సార్. ఎవరి మీదన్నది చూశాక," అని పెట్టేసింది.

మాత్రలవాడి వైపు తిరిగింది.

"మూత ఎప్పుడు బిగించారు?"

"పద్దెనిమిది రోజులైందమ్మా."

"తీసింది?"

"ఈ పొద్దున ఆరింటికి."

"మనిషి దిగింది?"

"ఆరూ అయిదుకి. లారీ వచ్చేసింది, దిగు దిగు అని అయ్యగారే తొందరపెట్టారు."

"మాత్రలు వేశావా?"

"ఒక్కటీ వెయ్యలేదు తల్లీ. కొనేవాళ్ళు మందు తగలని గింజే కావాలన్నారంట. గాలాడకుండా బిగిస్తే పురుగు దానంతటదే చస్తుందని వట్టి మూతే బిగించాం. గింజ తడిగా ఉంది, తీశాక రోజంతా గాలి పోనివ్వండని అయ్యగారికి చెప్పాను."

"అబద్ధం! నాకెవడూ ఏమీ చెప్పలేదు," అన్నాడు యజమాని.

ఎస్సైగారు నిచ్చెనెక్కింది. పక్కన తీసి పెట్టిన మూతను తిరగేసింది. లోపలి వైపంతా నలుపు. మసి అనుకున్నారందరూ. ఆమె గోటితో గీకింది. చచ్చిన పురుగులు పొట్టులా రాలాయి.

పదీ పది. అందర్నీ నాలుగో గాదె దగ్గరికి పిలిచింది. అదే తడి గింజ. అదే రోజు బిగించిన మూత. పానా పెట్టి విప్పించింది. వెలిగించిన లాంతరు తాడు కట్టి దించింది.

ఒక బారెడు. దీపం ఆరిపోయింది.

మళ్ళీ వెలిగించింది. మళ్ళీ దించింది. మళ్ళీ ఆరింది.

"మాత్రలు వేస్తే బూడిద మిగలాలి. కుళ్ళిన వెల్లుల్లి కంపు కొట్టాలి. రెండు గాదెల్లోనూ అవి లేవు. ఉన్నది పులిసిన వాసన," అంది. "తడి గింజకి ప్రాణముంది. అదీ ఊపిరి తీస్తుంది. పురుగూ తీస్తుంది, బూజూ తీస్తుంది. అంతా కలిసి లోపలున్న ఆక్సిజన్ తాగేశాయి. పురుగులు గాలి కోసం పైకి పాకి, మూతకి అతుక్కుని చచ్చాయి. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు మాత్రం కింద హాయిగా బతుకుతూ గింజని పులియబెడుతున్నాయి. ఆ పెద్దాయన రెండు గుక్కలు పీల్చేసరికే కూలిపోయాడు. ఒక్క రోజు గాలి పోనిచ్చుంటే బతికేవాడు."

"విడ్డూరం కాకపోతే, గాదెలో గాలి లేకపోవడమేంటండీ!" యజమాని నవ్వాడు. "ఏదో ఈదురుగాలికి దీపం ఆరింది. దానికింత కథా?"

"అంతేనంటారా?"

"అంతే."

"అయితే దిగండి."

నవ్వు ఆగిపోయింది.

"మీకెవరూ ఏమీ చెప్పలేదుగా. లోపల గాలి బానే ఉందిగా. దిగి, ఒక గుప్పెడు గింజలు తెచ్చివ్వండి. మీ మాటే రాస్తాను."

యజమాని నిచ్చెన వంక చూశాడు. గాదె నోటి వంక చూశాడు. అడుగు వెనక్కి పడింది. ఇంకో అడుగు.



ఎస్సైగారు వెంట వచ్చిన స్టేషన్ రైటరు వైపు తిరిగింది.

"రాసుకోండి. టైము పదీ ఇరవై ఏడు. యజమాని, రెండడుగులు వెనక్కి."