ఉయ్యాల అడుగున పేరు

బారసాలంటే మాటలా! పొద్దున్న ఏడు కాకముందే సూర్యావతిగారి వాకిట్లో షామియానా లేచింది. పెరట్లో గుమ్మడికాయ దప్పళం కుతకుతలాడుతోంది. రొయ్యల చెరువు గట్ల మీద లుంగీతో తిరిగే కొడుకు దుర్గారావు ఇవాళ పట్టుపంచె కట్టి, అందులో నడవలేక అవస్థ పడుతున్నాడు. కోడలు అనితకి తల్లి లేదు. పురుడు అత్తగారే పోసేరు కాబట్టి పాప బారసాల కూడా ఇక్కడే.

కూతురు లక్ష్మీతులసి నిన్ననే నగరం నుంచి వచ్చింది. ఆమెకి ఏడో నెల. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి నిలిచిన కడుపు. ఆ ఎనిమిదేళ్ళలో ఎక్కని కొండ లేదు, మొక్కని దేవుడు లేడు. ఆ మొక్కులతోపాటు ఓ పేరు కూడా మనసులో దాచుకుంది. బిడ్డ పుట్టకముందే పేరు పైకి పలికితే దిష్టి తగులుతుందని ఆ ఇంట్లో గట్టి పట్టింపు. అందుకే మొగుడిక్కూడా చెప్పకుండా, ఒక్క తల్లి చెవిలో మాత్రం వేసింది. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయించుకుంది.

దాపరికంలో ఆ కుటుంబాన్ని మించినవాళ్ళు కోనసీమలోనే లేరు లెండి. దుర్గారావు మాత్రం తక్కువ తిన్నాడా? పళ్ళెంలో బియ్యం పోసి రాసేదాకా పాప పేరు తల్లికి కూడా చెప్పనన్నాడు. ఇంత చేసి ఫ్లెక్సీకి ఆర్డరిచ్చేడు మహానుభావుడు! ఎనిమిదింటికి ఆటోలో వచ్చిన ఆ ఫ్లెక్సీని షామియానావాళ్ళు విప్పి గుమ్మానికి కట్టేశారు.

పసుపూ కుంకం పళ్ళెంతో బయటికొచ్చిన తులసి తలెత్తి చూసింది. ‘చి. తరంగిణి బారసాల మహోత్సవం’ అని ఉంది.

పళ్ళెం అరుగు మీద పెట్టేసి, ఎవరితోనూ మాట్లాడకుండా లోపలి గదిలోకెళ్ళి కూర్చుంది. పిల్లని ఉయ్యాల్లో వెయ్యాల్సింది మేనత్త. ఆ మేనత్తే కనపడకపోయేసరికి దుర్గారావు పంచె ఎగ్గట్టుకుని వెతుక్కుంటూ వచ్చేడు.

“పంతులుగారొచ్చేరక్కా, లే.”

“నేను రానురా. ఇంకెవరిచేతైనా వేయించుకో.”

“అదేంటే! ఏవైంది?”

“ఆ పేరు నీకెవరు చెప్పేరు? అమ్మేనా?”

వెనకాలే వచ్చిన సూర్యావతిగారు లబోదిబోమన్నారు. “నేను నోరు విప్పితే ఒట్టే తల్లీ! వాడు ఆ పేరే అనుకున్నాడని నాకు మాత్రం తెలుసా? ఫ్లెక్సీ చూసి నా గుండె జారిపోయింది.”

“అమ్మ చెప్పేదేవుంది?” దుర్గారావు తెల్లబోయేడు. “అది నాన్న పడవ పేరు కదా!”

“నాన్న పడవ పేరే. నా బిడ్డకని ఎనిమిదేళ్ళుగా దాచుకున్నానురా. నెలనెలా ఆశపడి, తలుపేసుకుని ఏడ్చినప్పుడల్లా ఆ పేరే తలుచుకున్నాను. నీకు పెళ్ళయిన ఏడాదికే పిల్ల పుట్టింది. ఫోన్లో నొక్కితే వెయ్యి పేర్లొస్తాయి. నీకు పేర్లకి కరువొచ్చిందా?”

దుర్గారావుకి ఉక్రోషం వచ్చింది. “చెప్తే కదా తెలిసేది! నాకేవైనా కలొచ్చిందా? నాన్న నీ ఒక్కదానికే నాన్నా? సరే, ఫ్లెక్సీ పీకేస్తాను. ఊరంతా చదివేసేరు, అయినా పీకేస్తాను. అంతేగా?”

మంచం మీద పాపని ఒళ్ళో పెట్టుకున్న అనిత కళ్ళొత్తుకుంది. “మార్చేద్దావండీ వదినగారూ. మీరు ఏడుస్తుంటే నా పిల్లకి ఆ పేరెందుకండీ.”

ఆ మాట తులసికి చురుక్కుమని తగిలింది. అనిత మీద ఆమెకి కోపం లేదు. కానీ లేవడానికి మనసొప్పలేదు. బయట్నుంచి పంతులుగారు “ముహూర్తం దాటిపోతోందండీ!” అని కేకేశారు.

“దాటనీండి,” అన్నారు సూర్యావతిగారు. ఆ గొంతు విని అందరూ తలెత్తేరు. “దుర్గా, ఆ ఉయ్యాల తెచ్చి బోర్లా వెయ్యి.”

ఆవిడ భర్త సింహాద్రి వైనతేయ నది రేవులో పడవ నడిపేవాడు. వంతెన వచ్చి రేవు మూతపడ్డాక పడవ విప్పి, ఆ చెక్కలతో మనవల కోసం ఉయ్యాల చేసి అటక మీద పెట్టేడు. ఎవరినీ ఊపకుండానే రెండేళ్ళ కిందట పోయేడు.

బోర్లా వేసిన ఉయ్యాల అడుగున పడవ పేరు పలక ఉంది. నీలం రంగు వెలిసినా ‘తరంగిణి’ అన్న అక్షరాలు చెక్కుచెదరలేదు.

“కడుగుతుంటే కనపడిందక్కా,” అన్నాడు దుర్గారావు మెల్లగా. “నాకు నాన్న అక్షరాలు దిద్దించింది ఈ పలక మీదేగా. చూడగానే పాపకి ఇదే పేరనుకున్నాను.”

తులసికి ఇంకోటి గుర్తుంది. తొంభై ఆరు తుపాను. తనకి ఆరేళ్ళు. ఒడిలో మూడేళ్ళ తమ్ముడు. ఓ చేత్తో వాణ్ణి, ఓ చేత్తో ఇదే పలకని పట్టుకుని పడవలో కూర్చుంది.

“పేరు కింద ఈ గాట్లేంటో తెలుసా?” అన్నారు సూర్యావతిగారు.

“పాత చెక్క కదా, గీతలు పడ్డాయనుకున్నాను.”

“గీతలు కాదురా. తుపాను మర్నాడు మీ నాన్న ఉలి పట్టుకు కూచుని పెట్టేడు. మునిగిన వీధిలోంచి గట్టుకి చేర్చిన మనిషికో గాటు.”

తులసి కిందికి వంగలేక నేల మీద కూర్చుంది. వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇరవై మూడు. చివర రెండు చిన్న గాట్లు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

“అవి మీరిద్దరే. వీధివాళ్ళందరినీ దాటించి ఆఖరి విడతలో మిమ్మల్ని ఎక్కించేడు. సొంత పిల్లలు కనపట్టం లేదా అని నోటికొచ్చినట్టు తిట్టేను. మర్నాడు గాట్లు పెడుతూ మాత్రం, చేసిన మేలు చెప్పుకుంటే నిలవదు, ఎవరికీ చెప్పకన్నాడు. ఇన్నాళ్ళూ చెప్పలేదు.”

తులసి మళ్ళీ ఆ గాట్లు తడిమింది. తనకి తెలిసిన నాన్న చుట్ట కాలుస్తూ రేవులో కూర్చునే మనిషి, సంతలో బేరం కూడా ఆడలేని మనిషి. ఈ ఇరవై మూడు గాట్లనీ ఆ చేతులే పెట్టేయా? దుర్గారావు అప్పటికే పంచె మాట మర్చిపోయి ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

“ఇరవైమూడు మందిని మోసిందర్రా ఆ పడవ,” అన్నారు సూర్యావతిగారు. “దాని పేరు ఇద్దరు పిల్లల్ని మొయ్యలేదా?”

తులసి భోరుమంది. ఏడుస్తూనే తమ్ముడి భుజం మీద ఒక్కటిచ్చింది. “నాన్న ఉలి ఉందేంట్రా?”

“ఆయ్, ఉంది.”

ఉలి తెచ్చి, ఇద్దరూ కలిసి పట్టుకుని, ఆ రెండు చిన్న గాట్ల తర్వాత పాపకి ఇంకోటి పెట్టసాగేరు. అక్కడికే పలక చివరికొచ్చేసింది.

“మరీ అంచుకి పెట్టకు. పక్కన కాస్త జాగా వదులు. ఇంకో రెండు నెలల్లో పని పడుతుంది,” అంది తులసి.

“మగపిల్లాడు పుడితేనో?” అన్నాడు దుర్గారావు ముక్కు తుడుచుకుంటూ.

“గాటుకి ఆడా మగా ఏంట్రా!”

అనిత పాపని అందించింది. తులసి అందుకుంది. నిండు కడుపుకి ఆనించుకుని, మళ్ళీ తిప్పి బయట పెట్టిన ఉయ్యాల దాకా నడిచింది, నెమ్మదిగా పడుకోబెట్టింది. పంతులుగారు పేరు పిలవమన్నారు. ఎనిమిదేళ్ళుగా గొంతులోనే ఉండిపోయిన పేరు అది. షామియానా కింద వాళ్ళందరికీ వినపడేలా పిలిచింది.

“తరంగిణీ!”