చలికి ఏడ్చే పిల్లలు

కొత్త కోరంగిలో ఇంటికో పాము ఉండి తీరాలి. ఎలుక మాత్రం ఉండకూడదు. చట్టం చేసిన పెద్దలు ఈ రెండు ముక్కలూ ఒకే పూట, ఒకే బల్ల దగ్గర కూర్చుని రాశారు. పాము ఏం తిని బతుకుతుందన్నది ఆ పూట ఎవరికీ తట్టలేదు.

పాపం, వాళ్లనీ అనలేం. ఎలుకజ్వరం వీధులకు వీధుల్ని ఊడ్చేసిన రోజులవి. మందు పెడితే ఆ మందే తిని బలిశాయి ఎలుకలు. చివరికి ప్రభుత్వం టవర్లలో ఇంటికో జెర్రిపోతును పంచింది. విషం లేదు, మనిషి జోలికి రాదు, ఎలుకను వదలదు. కొన్నేళ్లకు ఊళ్లో ఎలుక అన్నదే లేకుండా పోయింది. కథ అక్కడితో కంచికి వెళ్లాల్సింది. కానీ పాములు మిగిలాయి, వాటి ఆకలీ మిగిలింది. వార్డు ఆఫీసు మాంసం బిళ్లలు పంచితే పాములు మొహం తిప్పుకున్నాయి. పాము బరువు తగ్గితే ఫ్లాటు రద్దు. ఎలుకను పెంచినా ఫ్లాటు రద్దే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఇదే.

తూర్పు టవర్లో, పాము కోసం పొరుగూరి నుంచి దొంగచాటుగా తెచ్చిన ఎలుకను సాకుతున్న నూకరత్నం ఆ ఉదయం ఆ రెండింటి మధ్యా నిలబడి ఉంది.

"కింది అంతస్తులో ఎలుకల తనిఖీ అయిపోయిందంట, రత్నం! పైకొచ్చేత్తన్నాడు," అని ఎదురింటి చెల్లాయమ్మ తలుపు సందులోంచి గుసగుసలాడింది. "పిల్లల్ని వెచ్చగా పెట్టెయ్. చలేత్తేనే ఏడుత్తాయంట. వెచ్చగా ఉంటే కిక్కురుమనవంట. ఆ మెషిను పట్టేది ఏడుపునేనంట."

నూకరత్నం తల్లి ఎలుకను పాతగుడ్డలతో పాటు వాషింగ్ మెషిన్లో వేసి మూత దించింది. ఇంకా కళ్లు తెరవని, ఒంటి మీద నూగైనా లేని పిల్లల్ని స్టీలు టిఫిన్ డబ్బాలో సర్ది, మూత వదులుగా పెట్టింది. ఇక వెచ్చదనం ఎక్కడ? ఇంట్లో ఒకే ఒక్క చోట ఉంది. పాము టబ్బు కింద.

ఎండలు మనిషిని నిలవనివ్వని కాలం కాబట్టి టవరంతా గోడల్లోని గొట్టాల గుండా చల్లగాలి తోలుతూ ఉంటారు. ఆ చలిలో పాముకు తిన్నది అరగదు. అందుకని ప్రతి టబ్బు కిందా ఒక పక్కన హీట్ ప్యాడ్ ఉంటుంది. పలచటి రేకు, కరెంటుతో గోరువెచ్చగా కాగుతుంది. నూకరత్నం ఆ ప్యాడ్‌కీ టబ్బు పెట్టిన చెక్క అరకూ మధ్య డబ్బాను దూర్చి, ముందు గుడ్డ వేలాడదీసింది.

టబ్బులో బోర్లించిన కుండపెంకు కింద నుంచి వాళ్ల పాము బంగారి తల ఎత్తింది. ఈమధ్యే గుడ్లు పెట్టింది. కొత్త ఫ్లాట్లకు పంచే పాముల కోసమని ఆ గుడ్లను వార్డు ఆఫీసు వాళ్లు పట్టుకుపోయారు. పెట్టిన తల్లి మాత్రం వెన్నుబద్ద తేలి, తోలుసంచిలా మిగిలింది. దానికి తిండి పడకపోతే నూకరత్నానికి ఇల్లు ఉండదు. లోపలి గదిలో కూతురు పచ్చి బాలింత, హాల్లో ఉయ్యాలలో మనవడు. వాళ్లను తీసుకుని ఆ ఎండలోకి ఎక్కడికి పోతుంది?

బెల్ మోగింది.

వచ్చినవాడు డాక్టర్ ఉమాపతి. ఆ యంత్రాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త ఆయనే. సన్నటి మనిషి, చెప్పులు బయటే విడిచాడు. చేతిలో గరాటు లాంటి మూతి ఉన్న యంత్రం, దాని వెనక చిన్న స్పీకర్.

"ఇదేం మెషినండీ?" అంది నూకరత్నం, ఏమీ ఎరగనట్టు.

"చెవి అనుకోండమ్మా. ఎలుకపిల్ల ఏడిస్తే పక్కనే కూర్చున్నా మనకు వినబడదు. అంత సన్నటి గొంతు దానిది. తల్లికి మాత్రం వినబడుతుంది. ఇది ఆ గొంతును పట్టి, సాగదీసి, మన చెవికి అందేలా చేస్తుంది. ఇదివరకు స్క్రీన్ మీద గీత ఒక్కటే వచ్చేది. గీత చూపిస్తే అది మాది కాదని వాదిస్తున్నారు. అందుకే నిన్న ఈ స్పీకర్ బిగించాను. చెవితో విన్నాక కాదనలేరు కదా."

ముందు బంగారిని గుడ్డసంచిలో వేసి తూచాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"తక్కువుందమ్మా. గుడ్లు పెట్టింది కనక ఈసారికి వదిలేస్తున్నాను. వచ్చే నెలా ఇలాగే ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండదు."

టబ్బులో వదలగానే బంగారి సరాసరి వెచ్చటి పక్కకు పాకింది. అడుగుకు ముక్కు ఆనించి నాలుక ఆడించసాగింది. కదలదే!

"దీనికేదో వాసన తగిలినట్టుందే," అన్నాడు ఉమాపతి.

"ఆకలండీ. రోజూ అలాగే ఎతుక్కుంటాది."

అప్పుడు కరెంటు పోయింది.

ఫ్రిజ్ చప్పుడు ఆగింది. హీట్ ప్యాడ్ మీది ఎర్రదీపం ఆరింది. చల్లగాలి మాత్రం ఆగలేదు. అది జనరేటర్ మీద నడుస్తుంది. ఉమాపతి యంత్రమూ ఆగలేదు, దానికి బ్యాటరీ ఉంది.

"కాసిని మంచినీళ్లు ఇస్తారా?" అన్నాడాయన.

ఇచ్చింది. ఆయన తాపీగా తాగుతున్నాడు. స్టీలు డబ్బాలో ఎందుకు పెట్టానురా దేవుడా అని నూకరత్నం కుమిలిపోయింది. ఇన్నేళ్లు వంట చేసిన మనిషికి స్టీలు ఎంత త్వరగా చల్లారుతుందో తెలియదా? ఏ గుడ్డబుట్టలోనో పెట్టి ఉంటే ఇంకాస్త ఆగేవి. ఆయన గ్లాసు కింద పెట్టాడు. యంత్రం ఎత్తాడు.

స్పీకర్‌లోంచి ఏడుపు వినబడింది. సన్నగా, వణుకుతూ, ఊపిరి అందక మధ్యమధ్య తెగిపోతూ.

"పిల్లోడండీ, పాలకేడుత్తన్నాడు," అంటూ నూకరత్నం ఉయ్యాల తాడు పట్టేసుకుంది. అబద్ధమాడాలని కాదు. చెయ్యి దానంతటదే పోయింది. తీరా చూస్తే మనవడు గుప్పిట నోట్లో పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

ఉమాపతి ఉయ్యాల వంక చూశాడు. ఆమె వంక చూశాడు. యంత్రాన్ని మెల్లగా టబ్బు వైపు తిప్పాడు. ఏడుపు పెరిగింది. అయిపోయింది, ఇల్లు పోయింది అనుకుంది నూకరత్నం.

గరాటును పక్కకు తిప్పాడు. తగ్గాలి కదా, తగ్గలేదు. ఆయన నొసలు ముడిపడింది. పైకెత్తి చల్లగాలి గొట్టం మూతికి పట్టాడు. ఒక్క పిల్ల కాదు, పది కాదు, గదంతా నిండిపోయేన్ని గొంతులు. తలుపు తీసి వరండాలోకి నడిచాడు. అక్కడా అదే. పైనుంచి, కిందనుంచి, ప్రతి గుమ్మంలోంచి. టవరంతా ఒకే సలహా విన్నది, ఒకే చోట దాచింది, ఒకేసారి చల్లబడింది. వరుసగా తలుపులు తెరుచుకున్నాయి. తెరిచినవాళ్లు నోళ్లు తెరుచుకుని అలాగే నిలబడ్డారు.

కూతురు గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "బాబు ఎందుకే అంతలా ఏడుస్తున్నాడు?" ఆమె జాకెట్టు పాలతో తడిసిపోయి ఉంది.

ఉమాపతి యంత్రం ఆపేశాడు.

"ఇన్నేళ్లూ దీన్ని గీతగానే చూశానమ్మా," అన్నాడు గుమ్మానికి చేరబడి. "ఇలా ఉంటుందనుకోలేదు."

"మమ్మల్నెప్పుడు ఖాళీ చెయ్యమంటారండీ?"

"ఎవర్నని పంపను? అందర్నీ పంపేస్తే ఈ పాములతో నేనొక్కణ్ణే కాపురం చెయ్యాలి. యంత్రం చెడిపోయిందని రాసేస్తాను." చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు. "కరెంటు వచ్చేదాకా ఆ పిల్లల్ని ఒంటికి ఆనించి పట్టుకోండి."

ఇల్లు దక్కింది. డబ్బాను పొట్టకు హత్తుకుని కూర్చుంది నూకరత్నం. కరెంటు వచ్చాక పట్కారుతో ఒక పిల్లను ఎత్తింది. బంగారి అప్పటికే తల లేపి సిద్ధంగా ఉంది. నిన్నటిదాకా కూతురితో కబుర్లు చెబుతూ చేసిన పనే అది. పట్కారు చివర ఆ పిల్ల నోరు తెరిచింది. చప్పుడేమీ లేదు. ఉందని ఇప్పుడు ఆమెకు తెలుసు. తిరిగి డబ్బాలో పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చింది. వచ్చే నెల తూకం మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

సాయంత్రం చెల్లాయమ్మ కొంగు చాటున ప్లాస్టిక్ డబ్బాతో వచ్చింది.

"పాముకేశావా?"

"లేదొదినా. చెయ్యాడలేదు."

"నాకూ అంతే." డబ్బా ముందుకు చాపింది. "నావి నువ్వుచ్చుకో. నీవి నాకియ్యి. మనం సాకినవి కాకపోతే అంత బాధుండదు."

నూకరత్నానికి ఆ మాట సబబుగానే తోచింది. అలా తోచినందుకు సిగ్గేసింది. అయినా డబ్బా అందించింది.

చూస్తే వరండాలో వాళ్లిద్దరే కాదు. గుమ్మం గుమ్మంలోనూ మనుషులు గుడ్డ కప్పిన డబ్బాలు మార్చుకుంటున్నారు, పండక్కి పిండివంటలు పంచుకున్నట్టు. ఎదుటివాళ్ల డబ్బాలో ఏముందని ఎవరూ మూత తీసి చూడడం లేదు.

అంతలో లోపల నూకరత్నం మనవడు నిద్రలేచి కేర్‌మన్నాడు. వరండాలో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడి, ఎవరి చేతిలోని డబ్బా వైపు వాళ్లు చూసుకున్నారు.